ఆరు వరసల పెరేరా

"నేను చెప్పను" అంది ఒనొరీనా.

సిల్వానో చెంచా సూపు గిన్నెలో వదిలేశాడు. మూడు రోజులుగా చెల్లెలి నోట ఇదే మాట. చర్చి గంట పన్నెండు కొట్టి పావుగంటయింది. ఇంకో పావుగంటలో అన్న విత్తోరే మేడ మీంచి దిగి ఇదే బల్ల ముందు, ఇదే కుర్చీలో కూర్చుంటాడు. ఈలోపల తను తిని లేచిపోవాలి.

"ఒక్క ముక్క. పెరేరా ద్రాక్ష పండిపోయింది, రేపటికల్లా మర కడిగి ఉంచమను. అంతే."

"మెట్లెక్కితే పదమూడు మెట్లు. నువ్వే ఎక్కి చెప్పు."

"నాకు నడుం నొప్పి."

"నడుం నొప్పి నోటికి లేదుగా" అని ఒనొరీనా అతని ముందు నుంచి గిన్నె తీసేసింది. అతను ఇంకా సగమే తిన్నాడు.

తొమ్మిదేళ్ళయింది ఈ ఇంట్లో అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకుని. తండ్రి పోతూ కొండ వాలు మీది ప్రొసెక్కో ద్రాక్షతోటంతా పెద్దవాడికీ, కొండ నెత్తిన ఉన్న ఆరు వరసల పెరేరా చిన్నవాడికీ రాశాడు. ఇల్లూ, నేలమాళిగా, రసం పిండే మరా ఉమ్మడి. ఒనొరీనాకు ఏం రాశాడని ఎవరూ అడగలేదు. ఆమెకు అన్నలిద్దరినీ వదిలిపోయాడు.

తండ్రి పోయిన ఏడాదికి పెట్టిన విందులో చర్చి ఫాదర్ ఉల్దెరికో రెండు ద్రాక్షలూ కలిపి చేసిన వైన్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, బేరిపళ్ళ బుట్టలో తల పెట్టినట్టుంది అన్నాడు. ఆ వాసన నాది, నా ఆరు వరసలది అన్నాడు సిల్వానో. చిటికెడు ఉప్పేసి కూరంతా నాదంటే ఎలా అన్నాడు విత్తోరే. ఉప్పు లేకుండా తిని చూడు అన్నాడు సిల్వానో. ఆ తర్వాత ఒకరితో ఒకరు ఏమీ అనుకోలేదు. ఒకరు పన్నెండుకీ, ఒకరు పన్నెండున్నరకీ తినడం మొదలుపెట్టారు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు ఎలాగూ కాలేదు. మధ్యలో మాటలు మోయడానికి ఒనొరీనా ఉంది.

మొన్న ఆదివారం ఆమె ఏప్రన్ విప్పి మడత పెట్టి, ముందు చిన్నన్నకూ, అరగంట తర్వాత పెద్దన్నకూ అదే విషయం చెప్పింది. నవంబరులో సెయింట్ మార్టిన్ పండగనాడు బస్సు డ్రైవరు అత్తిలియోతో తన పెళ్ళి. చర్చిలో అన్నలిద్దరూ ముందు బెంచీ మీద పక్కపక్కన కూర్చోవాలి. ఆలోగా మాటలు నేర్చుకోండి, ఇకనుంచి నేను ఒక్క ముక్క మోయను అంది. ఆమె వయసు అరవై ఒకటి. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో తన తరఫున చెప్పిన మొదటి కబురు అది.

కబురు చెప్పినంత తేలిగ్గా లేదు తర్వాత సంగతి. సెప్టెంబరు చివరి వారం. ప్రొసెక్కో ఇంకా వారం ఆగగలదు, పెరేరా ఆగలేదు. పళ్ళ తొక్క పలచబడి, కందిరీగలు మూగుతున్నాయి. శుక్రవారం వాన అని రేడియో చెప్పింది. ఇవాళ బుధవారం. మర ఉన్న నేలమాళిగ తాళంచెవి విత్తోరే జేబులో ఉంది.

భోజనం సగంలో పోయాక సిల్వానో పెరట్లోకి వెళ్ళి, అన్న కిటికీ కింద నిలబడి, కుక్కతో గట్టిగా మాట్లాడాడు. పెరేరా పండిందనీ, మర కడగాలనీ, బుద్ధున్నవాళ్ళకి ఈపాటికి తెలిసి ఉండాలనీ కుక్కకు వివరంగా చెప్పాడు. కుక్క తోక ఊపింది. పైన కిటికీ తలుపు చప్పుడుతో మూసుకుంది.

గురువారం పొద్దున సిల్వానో ఫాదర్ ఉల్దెరికోను వెంటబెట్టుకొచ్చాడు.

ఫాదర్ మంచివాడు. ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప ఇంకో విద్య తెలియనివాడు. అదే కొంప ముంచింది. సిల్వానో వంటింట్లో నిలబడి, సాయంత్రానికల్లా మర సిద్ధంగా లేకపోతే తలుపు పగలగొడతానని ఆ గాడిదకి చెప్పమన్నాడు. ఫాదర్ పదమూడు మెట్లూ ఎక్కి ఆ మాటే చెప్పి దిగాడు.

"గాడిద అన్నది కూడా చెప్పారా?" అంది ఒనొరీనా.

"అప్పగించిన మాటలో కొంత దాచుకోవడానికి నేనెవర్నమ్మా?"

పైనుంచి జవాబు కూడా ఆయనే తెచ్చాడు. ఆ ఆరు వరసల కలుపు మొక్కల కోసం విత్తోరే తన మర మురికి చేసుకోడు. ఆ మాట వినగానే సిల్వానో ముఖం ఎర్రబడి, బుట్టలు తీసుకుని కొండ మీదికి వెళ్ళిపోయాడు. విత్తోరే కిందికి దిగి, నేలమాళిగ తలుపుకు రెండో తాళం వేసి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫాదర్ పావుగంటలో సాధించింది ఇదీ.

ఆయన బల్ల ముందు కూలబడి, ఒనొరీనా కోసిచ్చిన సాసేజి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. "తొమ్మిదేళ్ళూ ఇలాంటి మాటలే మోశావా తల్లీ? ఇల్లు ఎలా నిలబడింది?"

ఒనొరీనా పొయ్యి వైపు తిరిగింది. "ఇలాంటివి మోయలేదు ఫాదర్."

"మరి?"

ఆమెకు చెప్పాలని లేదు, కానీ నాలుగు రోజులుగా లోపల ఇదే నలుగుతోంది. మొదట్లో చిన్నదే. వాడి నిచ్చెన వాణ్ణే పట్టుకోమను, పడితే పీడా పోతుంది అని ఒకరోజు చిన్నన్న అన్నాడు. ఆమె మేడ మీదికి వెళ్ళి, నిచ్చెన జాగ్రత్తట, పడతావేమోనని చిన్నన్నయ్య కంగారు పడుతున్నాడు అంది. మర్నాడు పెద్దన్న తమ్ముడి కోసం ఒక పుట్టగొడుగుల బుట్ట వంటింట్లో పెట్టి వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఆమె చెయ్యి తిరిగింది.

"కొంచెం మెత్తబరిచావు, అంతేనా?"

"మొదటి ఏడాది అంతే. తర్వాత్తర్వాత ఎవరూ ఏమీ చెప్పని రోజుల్లో కూడా చెప్పేదాన్ని."

ఫాదర్ నమలడం ఆపాడు. ఇది చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు, పాపసంకీర్తనంలో చెప్పాల్సిన సంగతి అన్నాడు.

"అయితే శనివారం అక్కడికే వచ్చి మళ్ళీ చెప్తా. అక్కడ చెప్పింది మీరు బయట అనకూడదుగా."

ఆయన ఆ మాటలో తప్పెక్కడుందో వెతికాడు. దొరకలేదు. ఇంకో ముక్క తీసుకుని, టోపీ పెట్టుకుని పదకొండు గంటల బస్సుకి వెళ్ళిపోయాడు.

ఒనొరీనా కూడా బుట్ట పట్టుకుని కొండెక్కింది. మాటలు మోయనంది గానీ పళ్ళు మోయనని అనలేదు. సిల్వానో ఆమెను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆకు పసుపెక్కే తెగులొచ్చినప్పుడు అందరూ పెరేరాను పీకేసి ప్రొసెక్కో పెట్టుకున్నారు. సిల్వానో ఒక్కడే ఒక్కో తీగనూ జ్వరం పట్టిన పిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాడు. కింద సన్నగా, మీద బొద్దుగా ఉండే ఆ పళ్ళని కోసేటప్పుడు ఇప్పటికీ వాటితో ఏదో గొణుగుతాడు. మనుషులతో ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడి ఎరగడు.

మూడు గంటలకల్లా కోత అయిపోయింది. పెట్టెలు భుజాన వేసుకుని ఒక్కొక్కటే దించారు. కింద నేలమాళిగ ముందు విత్తోరే కుర్చీలోనే ఉన్నాడు, కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని. సిల్వానో పెట్టె కింద పెట్టాడు. కందిరీగలు వెంటే వచ్చాయి. ముగ్గురూ ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు. ఎంతసేపంటే, కుక్క విసుగుపుట్టి నీడకి పోయింది.

"కుర్చీ తియ్యి" అన్నాడు సిల్వానో.

తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట. విత్తోరే అలవాటుగా చెల్లెలి వైపు తిరిగాడు. "ఏమంటాడు?"

"విన్నావుగా" అంది ఒనొరీనా.

విత్తోరే కర్ర నేలకు తాటించాడు. "గాడిదలు కుర్చీలు తియ్యవని చెప్పు."

"చిన్నన్నయ్యా విన్నాడు."

సిల్వానో రెండడుగులు ముందుకొచ్చాడు. "ఫిబ్రవరిలో నేను నడుం పట్టేసి మంచాన పడితే, నా ఆరు వరసలూ నువ్వే కత్తిరించావు. మంచులో. ఇవాళ వాటినే కలుపంటావా?"

"బతిమాలావు, కత్తిరించా. మూడుసార్లు కబురెట్టావు. అన్నయ్య చెయ్యి పడితేనే ఆ తీగలు బతుకుతాయన్నావు."

"నేనా?"

"నువ్వే."

"నేనేం అడగలేదు. నువ్వే కబురు పంపావుగా, వాడు లేచేదాకా వాడి తీగలు నావి అని."

విత్తోరే కర్ర పక్కన పెట్టాడు. "నాకు అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి. నా నోట అంత మంచి మాట ఎప్పుడైనా విన్నావా?"

సిల్వానో నిజాయితీగా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. "లేదు" అన్నాడు.

ఒనొరీనా బుట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఇప్పుడు వంటింట్లోకి వెళ్ళిపోతే బాగుండుననిపించింది.

"మరి అప్పుడెప్పుడో క్రిస్మస్‌కి నాన్న టోపీ నాకిచ్చావుగా?" అన్నాడు విత్తోరే, కొంచెం అనుమానంగా.

"నాన్న టోపీ నీ దగ్గరుందా? నాలుగేళ్ళుగా వెతుకుతున్నా దాని కోసం."

"నా మోకాళ్ళకి కొవ్వు రాయమని..."

"నీ మోకాళ్ళకి నొప్పని నాకెలా తెలుస్తుంది? నువ్వు నడిచేటప్పుడు నేను చూస్తానా?"

విత్తోరే నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"అయితే తొమ్మిదేళ్ళు నేను మాట్లాడింది ఎవరితో?"

ఇద్దరూ ఒకేసారి తల తిప్పారు. చిన్నప్పుడు అద్దం పగిలిన రోజున కూడా ఇలాగే ఇద్దరూ కలిసి తనవైపు తిరగడం ఒనొరీనాకు గుర్తుంది. అప్పుడు పగలగొట్టింది వాళ్ళే. ఇప్పుడు అలా కాదు. ఆమె బుట్ట కింద పెట్టింది.

"నాతో" అంది.

"మోసం" అన్నాడు సిల్వానో.

"పచ్చి మోసం" అన్నాడు విత్తోరే.

తొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక విషయం మీద ఒప్పుకోవడం అదే మొదలు. అది వాళ్ళకీ తెలిసింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక ఇద్దరూ పెట్టెల వైపు చూశారు. పై పొర పళ్ళు అప్పటికే చెమ్మగిల్లుతున్నాయి.

"పళ్ళు ఎండలో ఉన్నాయి" అన్నాడు విత్తోరే జేబులో తాళంచెవి వెతుక్కుంటూ. "ముందు మర సంగతి చూద్దాం. తర్వాత దీని సంగతి."

ఒనొరీనాను లోపలికి రావొద్దన్నారు. ఆమె గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని విన్నది. నీళ్ళు పోయడం, బ్రష్షు రుద్దడం, మర పళ్ళు కిరకిరలాడడం. చాలాసేపు అవే. తర్వాత బేరిపళ్ళ వాసన తలుపు సందులోంచి బయటికొచ్చింది. పెద్దన్న గట్టిగా ముక్కు ఎగపీల్చాడు.

"ఈ ఏడు వాసన ఎక్కువే" అన్నాడు.

"నువ్వే కదా కత్తిరించింది" అన్నాడు సిల్వానో.

అక్కడ మెట్టు మీద ఒనొరీనాకు ఏడుపొచ్చింది. ఆ రెండు వాక్యాల్లో ఒక్క అక్షరం కూడా ఆమెది కాదు.

శుక్రవారం రేడియో చెప్పిన వాన వచ్చింది. భోజనం దగ్గర కొత్త గొడవ మొదలైంది. పన్నెండుకా, పన్నెండున్నరకా అని ఇద్దరూ అరగంట వాదించుకుని పన్నెండుంపావుకి రాజీపడ్డారు, కానీ అప్పటికి ఒంటి గంటయింది. పక్కపక్కన కూర్చుని మొక్కజొన్న సంకటి తిన్నారు. చెల్లెలితో మాత్రం మాట్లాడలేదు.

"తమ్ముడూ, సంకటిలో ఉప్పు తక్కువైందని దానికి చెప్పు" అన్నాడు విత్తోరే.

"ఉప్పు తక్కువైందట" అన్నాడు సిల్వానో, ఆమెను చూడకుండా.

"ఇంకోలా చెప్పాల్సింది" అంది ఒనొరీనా. "సంకటి అమృతంలా ఉంది, చిటికెడు ఉప్పు పడితే ఇంకా బాగుంటుందట అనాలి. మీకు ఈ పని రాదు."

నవ్వు ఆపుకోవడానికి సిల్వానో మంచినీళ్ళు తాగి పొలమారాడు.

శనివారమంతా అన్నదమ్ములు పెరటి గోడ మీద కూర్చుని తొమ్మిదేళ్ళనూ తిరగేశారు. ఆ ఈస్టరుకి గుడ్లు పంపింది నువ్వా? కాదు. పోనీ నా పుట్టినరోజుకి కత్తి సాన పట్టించింది? అదీ చెల్లెలే. కోపంగా మొదలైన లెక్క మధ్యాహ్నానికి ఆటలా తయారైంది. ఒక్కో అబద్ధానికీ తొడ చరుచుకుంటున్నారు. ఒనొరీనా బట్టలు ఆరేస్తూ అన్నీ వింటోంది. వాళ్ళు వెనక్కి వెళ్ళినంతసేపూ ఆమెకు భయం లేదు. సాయంత్రానికి ఈ ఏడాదికొచ్చారు.

"ఆదివారాలు అత్తిలియోని భోజనానికి పిలుస్తున్నావు చూడు, అది మాత్రం మంచి పని చేశావు" అన్నాడు సిల్వానో.

"నేనెక్కడ పిలిచాను? నువ్వు పిలిచావనేగా నేను ఊరుకున్నది."

తాడు మీద దుప్పటి వెనక ఒనొరీనా చేతిలో బట్టల క్లిప్పు కింద పడింది.

అత్తిలియో బస్సుకి ఈ ఊరే చివరి స్టాపు. ఆదివారాలు మధ్యాహ్నం పన్నెండుకి వస్తే తిరిగి ఒకటిన్నరకి బయల్దేరాలి. ఈస్టరు నుంచీ ఆ గంటన్నర అతను ఈ ఇంట్లోనే గడుపుతున్నాడు. పన్నెండుకి సిల్వానోతో ఒకసారి, మర్యాద కోసం పన్నెండున్నరకి విత్తోరేతో మళ్ళీ ఒకసారి తినేవాడు. యూనిఫాం బొత్తాలు రెండుసార్లు జరిపి కుట్టింది ఒనొరీనాయే. భార్య పోయి ఏడేళ్ళయిన మనిషి. నెమ్మదస్తుడు. బస్సు మలుపుల్లో హారన్ కొట్టాలన్నా ఒకసారి ఆలోచించి కొడతాడు.

ఈ ఆదివారం అతను తల దువ్వుకుని, చేతిలో టోపీ పట్టుకుని లోపలికొచ్చి, అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల ముందు ఉండడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. కూర్చోమన్నారు. ఒకే పళ్ళెం పెట్టారు. కుందేలు కూర వడ్డించి ఒనొరీనా పొయ్యి దగ్గరే నిలబడింది.

విత్తోరే గొంతు సవరించుకున్నాడు. "అత్తిలియో, ఒక్కటి అడుగుతా. మా చెల్లెల్ని చేసుకుంటానని నువ్వు అడిగావా, లేకపోతే నువ్వు అడిగావని అది నీతో చెప్పిందా?"

అత్తిలియో ఫోర్కు దించాడు.

"అడిగింది నేనే" అన్నాడు. "కానీ మీరిద్దరూ కబురెట్టాక అడిగాను."

"ఏమని కబురెట్టాం?"

"ఇన్ని ఆదివారాలు వస్తున్నాడు, ఆ మనిషి ఉద్దేశం ఏంటో తేల్చమన్నారట. నాకు భయం వేసింది. జూన్‌లో, వాన పడుతుంటే, బస్సులోనే అడిగేశాను."

సిల్వానో తల అడ్డంగా ఊపాడు. విత్తోరే కూడా. అత్తిలియో ఒకరి తర్వాత ఒకరిని చూసి, చివరికి ఒనొరీనా వైపు తిరిగాడు. అతని ముఖంలో కోపం లేదు. అదే ఆమెకు భరించలేనట్టుంది.

"మీవాళ్ళు అనలేదా?"

"లేదు."

"మొదటి భోజనానికి పిలిచింది?"

"నేనే."

అతను లేచి టోపీ పెట్టుకోబోయి ఆగాడు. "ఒనొరీనా, ఇందులో మీ మాట ఏది? ఎవరి పేరూ పెట్టకుండా, మీ మాటగా ఒకటి చెప్పండి. వింటాను."

ఆమె నోరు తెరిచింది. అలవాటు కొద్దీ, చిన్నన్నయ్య ఏమంటాడంటే, అని నాలుక చివరికొచ్చింది. మింగేసింది. ఇద్దరి కోసం ఇన్నేళ్ళు ఇన్ని మాటలు అల్లిన మనిషికి తన కోసం ఒక్కటి దొరకలేదు. బయట బస్సు దగ్గర ముగ్గురు ముసలమ్మలు ఒకటిన్నర కోసం నిలబడి కిటికీలోంచి ఇటే చూస్తున్నారు.

"మీరు రెండుసార్లు తిని కూడా ఏమీ అనేవారు కాదు" అంది చివరికి. "నాకు అలాంటి మనిషి కావాలనిపించింది. మీరు అడుగుతారని ఎదురు చూడటానికి నాకు టైము లేదు. ఇదంతా నా మాటే."

అన్నలిద్దరూ బల్ల మీది గుడ్డ వైపు చూస్తూ కూర్చున్నారు. అత్తిలియో తల ఊపాడు. ఔననా, కాదనా, ఎవరికీ అర్థం కాలేదు.

"బస్సుకి టైమైంది" అన్నాడు. "మళ్ళీ నాలుగింటికి వస్తా. అప్పుడు చెప్తాను."

ఆ రెండున్నర గంటలూ ఎలా గడిచాయో అడగకూడదు. ఒనొరీనా కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. విత్తోరే, ఇందులో నా తప్పేం లేదని తమ్ముడితో నాలుగుసార్లు అన్నాడు. కాసేపయ్యాక సిల్వానో వంటింట్లోకి వచ్చి, మూడు రోజుల తర్వాత మొదటిసారి చెల్లెలితో నేరుగా మాట్లాడాడు.

"వాడు కాదంటే వాడి బస్సు మేం ఎక్కం" అన్నాడు.

"ఇది నువ్వంటున్నావా, పెద్దన్నయ్య అనమన్నాడా?"

"ఇద్దరం."

నాలుగయ్యేసరికి ముగ్గురూ గేటు దగ్గర ఉన్నారు. కింద మలుపుల్లో హారన్ వినిపించింది. మామూలుగా రెండు చోట్ల కొడతాడు. ఇవాళ ఒక్కచోటా మానలేదు. బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది.

దిగింది అత్తిలియో కాదు. అతను స్టీరింగు వెనకే కూర్చుని, అద్దంలోంచి ఎటో చూస్తున్నాడు. నల్ల శాలువా కప్పుకున్న ఒక బక్కపలచని ముసలావిడ రెండు చేతులా కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగింది. ఎవరో అనుకునేలోపే, నేను జెలిందాని, వీడి అమ్మని అంది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, గొంతు మాత్రం గంటలా ఉంది. సిల్వానో పరిగెత్తి వంటింట్లోంచి కుర్చీ తెచ్చి వేశాడు.

ఆవిడ కూర్చుని, శాలువా సర్దుకుని, ముగ్గురినీ ఒకసారి చూసి, ఎవరూ చెప్పకుండానే ఒనొరీనా దగ్గర చూపు ఆపింది.

"నువ్వేనా?"

"నేనేనండి."

"ఔనని చెప్పడానికి మావాడికి నీ ముందు నోరు పెగలదట. నన్ను చెప్పి రమ్మన్నాడు. దారంతా అదే చెప్పాడు, ఒక్క ముక్క తేడా రాకూడదన్నాడు." ఆవిడ బస్సు వైపు చూసి గొంతు తగ్గించింది. "వాడు చెప్పమన్నది ఒకటి. నేను చెబుదామనుకుంటున్నది ఇంకొకటి. నీకు ఏది కావాలి?"